పట్టుపురుగుల ఇంటి వాకిట్లో యాక్సిల్ పని

షెడ్డు లేకుండా మెకానిక్‌గా బతికినవాళ్లు మా ఊరిగాంలో ఇద్దరే. ఒకాయన పోయాడు. రెండోవాణ్ణి నేను. బంగారు గనులు మూతపడి, గని కంపెనీ వర్క్‌షాపుకు తాళం వేశాక, నాతోపాటు పనిచేసినవాళ్లంతా తలా ఒక షెడ్డు వెతుక్కున్నారు. నేను పనిముట్లు ఒక గోనెసంచిలో వేసి మోపెడ్ వెనక కట్టుకున్నాను. కారు ఎవరి ఇంటి ముందు ఆగిపోతే అక్కడికి పోవడం, అక్కడే బాగుచేసి రావడం. అలా ఇరవై ఏళ్లకు పైగా పరాయివాళ్ల వాకిళ్లలో వెల్లకిలా పడుకుని కార్ల అడుగుభాగం చూస్తూ గడిపాను. ఈమధ్యనే మోకాళ్లు ఇక వంగలేమన్నాయి. ఆ మాట మా ఆవిడ సరసతో చెబితే, "నీ మోకాళ్లకు ఇప్పటికైనా బుద్ధొచ్చింది" అంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా అరుగు మీదికి వచ్చి ఏదన్నా చెప్పమంటారు. వాళ్ల ఫోన్లలో అన్నీ ఉన్నాయి. ఏ బోల్టు ముందు విప్పాలో, ఏది తర్వాత విప్పాలో నాకంటే బాగా చూపించే వీడియోలున్నాయి. వాటిలో లేనిది మాత్రమే రాద్దామని కూర్చున్నాను. అన్ని పనుల గురించీ రాసే ఓపిక నాకు లేదు. ముందు యాక్సిళ్లు మార్చే పని ఒక్కటే తీసుకుంటాను. నేను ఎక్కువగా చేసింది అదే. నన్ను సిగ్గుతో తలదించుకునేలా చేసిందీ అదే.

యాక్సిల్ ఎందుకు పోతుంది

ఇప్పటి చిన్న కార్లు చాలావరకు ముందు చక్రాలతో నడుస్తాయి. గేర్‌బాక్సు నుంచి చెరో పక్కకు ఒక ఉక్కు కడ్డీ చక్రం దాకా పోతుంది. దాన్నే మనం యాక్సిల్ అంటాం. చక్రం గుంతలో పడి లేస్తుంది, పక్కకు తిరుగుతుంది, అయినా కడ్డీ ఆగకుండా తిరగాలి. అందుకని కడ్డీకి రెండు చివర్లా వంగే కీళ్లుంటాయి. వాటిని జాయింట్లంటాం. జాయింటు లోపల ఉక్కు గుండ్లు, వాటి చుట్టూ గ్రీజు, పైన రబ్బరు తొడుగు. ఆ తొడుగు పేరు బూటు. బూటు చిరగనంత కాలం జాయింటు నిక్షేపంగా ఉంటుంది. చిరిగిందా, గ్రీజు బయటికి వచ్చేస్తుంది, దుమ్ము లోపలికి పోతుంది.

మా దగ్గర దుమ్ము కూడా మామూలు దుమ్ము కాదు. సైనైడ్ దిబ్బల మీద నుంచి వేసవి గాలికి లేచే ఆ పొడి, బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి. అది గ్రీజులో కలిస్తే సానపట్టే పేస్టు తయారవుతుంది. బెంగళూరులో ఏళ్ల తరబడి నడిచే జాయింటు ఇక్కడ బూటు చిరిగిన కొన్ని నెలలకే అరిగిపోతుంది.

అరిగిన యాక్సిల్ మూగగా పోదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిలిస్తే టకటకమంటుంది. ఆ చప్పుడు విన్న రోజే నన్ను పిలిచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు పాటల సౌండు పెంచుకుంటారు. ఊరిగాంలో చర్చి వెనక ఉండే ఒక టీచరమ్మ, కుడివైపు తిరిగినప్పుడే చప్పుడు వస్తోందని కనిపెట్టి, కుడి మలుపులు లేని దారి వెతుక్కుని ఏడాదిపాటు బడికి వెళ్లింది. దూరం రెట్టింపయింది. ఆమె తెలివి మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

దొరస్వామి మేస్త్రీ

నాకు పని నేర్పింది కంపెనీ వర్క్‌షాపులో దొరస్వామి మేస్త్రీ. తమిళాయన. తెలుగు మా దగ్గరే నేర్చుకున్నాడు, తిట్లు మాత్రం తమిళంలోనే ఉంచుకున్నాడు. మా నాన్న చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో దిగినవాడు. కొడుకు మాత్రం దిగకూడదని మేస్త్రీని బతిమాలి నన్ను ఆయన చేతికింద పెట్టాడు.

గనిలోకి మనుషుల్ని దింపే బోను రిపేరు చేస్తే, చేసినవాడే మొదట దిగాలని మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. మేస్త్రీ ఆ పద్ధతిని వర్క్‌షాపులోకి తెచ్చాడు. బండి ఎవడు బిగించాడో వాడే మొదట ఎక్కి తోలాలి. పక్క సీట్లో ఆయన చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఏమీ మాట్లాడడు. ఆ మౌనంలో ఎంత చెమట పట్టేదో నాకు తెలుసు.

నేను బిగించిన మొదటి యాక్సిల్ ఒక ఆఫీసరు కారుది. గేర్‌బాక్సులోకి పోయే చివరన ఒక చిన్న లాక్ రింగు ఉంటుంది. కడ్డీని పూర్తిగా తోస్తే ఆ రింగు టక్కున పట్టుకుంటుంది. నేను తోశాను, పోయిందనుకున్నాను. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని దర్జాగా బయల్దేరాను. వర్క్‌షాపు గేటు దాటామో లేదో కడ్డీ బయటికి జారింది. ఇంజను అరుస్తోంది, కారు కదలదు, కింద ఆయిలు మడుగు కడుతోంది.

మేస్త్రీ దిగి కింద చూశాడు. తిడతాడని తల వంచుకున్నాను. తిట్టలేదు.

"డేయ్ మునిరత్నం, లోపలికి పోయిందా అని చూసినావు. బయటికి రాకుండా ఉండాదా అని చూసినావా?" అన్నాడు.

లేదన్నాను. ఆయన ఇస్త్రీ చొక్కాతోనే నాతోపాటు ఆ కారును లోపలికి తోశాడు. అప్పటి నుంచి ప్రతి కడ్డీని తోశాక రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగి చూస్తాను. నేను చూసిన అధికారుల్లో చాలామంది మనల్ని చిన్నబుచ్చి పని నేర్పామనుకున్నారు. దొరస్వామి మేస్త్రీ నా పక్కన నిలబడి తోశాడు. తేడా అంతే, కానీ ఆ తేడాకు నేను ఆయన్ని జీవితాంతం ప్రేమించాను.

ఇంటి ముందు చేసేటప్పుడు

ఈ పని ఇంటి దగ్గర చేయకూడదని షెడ్డువాళ్లంటారు. చేయొచ్చు. చదునైన నేల ఉంటే చాలు. తొందర ఉన్నవాడు మాత్రం చేయకూడదు.

చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టును బండి నేల మీద ఉన్నప్పుడే వదులు చేయాలి. లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. బండి ఎత్తాక దాంతో కుస్తీ పడితే జాకీ పక్కకు ఒరుగుతుంది. వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. జాకీని నమ్మి దాని కింద తల పెట్టకండి, స్టాండు వేయండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినని ఒకాయన ఇప్పుడు ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు.

కడ్డీ లాగేటప్పుడు గేర్‌బాక్సు నోటి దగ్గరుండే ఆయిల్ సీలుకు గీత పడకుండా చూడాలి. పాత నట్టు మళ్లీ వేయకూడదు. కొత్త నట్టు బిగించాక దాని అంచును ఉలితో కడ్డీ గాడిలోకి కొట్టి వంచాలి. అది వంచకపోతే నట్టు ఏదో ఒక రోజు తనంతట తానే తిరుగుతుంది. గేర్ ఆయిలు ఎంత కారిందో అంత మళ్లీ పోయాలి. ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక బండి యజమాని. మనం కింద పడుకుంటే పక్కనే గొంతుక్కూర్చుని, "ఇది ఏంది, అది ఏంది" అని అడిగేవాళ్లుంటారు. విసుక్కోకండి. అది వాళ్ల ఇల్లు, మనమే పరాయివాళ్లం. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది. ఎలా ఎక్కిందో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

కామసముద్రం

మామిడికాయల కాలం. పొద్దున్నే కామసముద్రం నుంచి చలపతి ఫోను చేశాడు. రాగి చేను, రెండు ఆవులు, పట్టుపురుగులు, ఇదీ అతని సంసారం. అంతకుముందు రెండుసార్లు అతని కారు బాగుచేశాను.

"మునిరత్నమన్నా, ఇంజను తిరగతా ఉండాది, బండి కదల్లే."

"ముందు చప్పుడు వస్తా ఉండెనా?"

"ఉగాది కాడ నుంచి వస్తా ఉండాది."

"మరి అప్పుడే పిలవకూడదా?"

"అప్పుడు పురుగు లేదు కదన్నా. తొందర లేదు."

ఇప్పుడున్న తొందర ఏమిటో అతను చెబితే నాకూ కంగారు పుట్టింది. ఆ ఏడు బోరు ఎండి వాళ్ల మల్బరీ తోట సగం మాడిపోయింది. నాలుగు మైళ్ల అవతల ఇంకొకరి తోటలో ఆకు మాట్లాడుకుని, కారు వెనక సీటు పీకేసి, రోజూ మూడు నాలుగు సార్లు ఆకు తెచ్చుకుంటున్నారు. పురుగులేమో నాలుగో జ్వరం లేచాయి. పురుగు తిండి మాని కదలకుండా పడుకుని పాత చర్మం విడవడాన్ని ఆ పక్క జ్వరం అంటారు. నాలుగోసారి లేచాక వారం రోజులు ఆపకుండా తింటుంది, ఆ తర్వాత గూడు అల్లుతుంది. ఆ వారంలో ఆకు తగ్గితే గూడు పలచబడుతుంది, ఆకే లేకపోతే పంటే ఉండదు. ఆటోలూ టెంపోలూ అన్నీ మామిడి లోడ్లకని శ్రీనివాసపురం వెళ్లిపోయాయి.

అంతకుముందు రెండు పంటలు అప్పటికే పోయాయి. ఇదీ పోతే పురుగు పెంచడం మానేసి ఆ షెడ్డు ఆవులకు ఇచ్చేస్తానని చలపతి వాళ్లమ్మతో చెప్పేశాడు. వాళ్లమ్మ మునియమ్మ కొత్తకోడలిగా వచ్చినప్పటి నుంచి పురుగుల్ని సాకుతున్న మనిషి. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె కొడుకుతో సరిగ్గా మాట్లాడటం లేదట. ఇదంతా చలపతి ఫోన్లోనే చెప్పాడు.

దారిలో బంగారుపేటలో కొత్త యాక్సిల్ అడిగాను. కుడి పక్కది ఒక్కటే దొరికింది. చలపతి బండి కింద చూసి చెప్పినదాన్ని బట్టి విరిగిందీ కుడి పక్కదే కాబట్టి సంబరపడి, దాన్ని మోపెడ్‌కు కట్టుకుని పోయాను.

కారు పురుగుల షెడ్డుకు పది అడుగుల దూరంలో నిలిచి ఉంది. నలుగురు మనుషులు రోడ్డు మీద నుంచి అక్కడిదాకా తోసుకొచ్చారట. బయటి తెగులు పురుక్కు అంటకుండా షెడ్డు గుమ్మం ముందు సున్నం పొడితో ఒక గీత గీసి ఉంది. మునియమ్మ ఆ గీత అవతల నిలబడి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గట్టిది.

"జేబులో బీడీ ఉండాదా?"

"ఉండాదమ్మా."

"ఆ గేటు అవతల పెట్టి రా. పొగాకు వాసన పురుక్కు ఆగదు."

పెట్టి వచ్చాను. నేను తిరిగొచ్చేలోపు చలపతి, అతని భార్య జయమ్మ నా మోపెడ్ తీసుకుని మధ్యాహ్నం ఆకుకు బయల్దేరుతున్నారు. రెండు మూటలు వస్తాయి, అవి సగం పూటకు కూడా చాలవు. సాయంత్రం ఆకుకు కారు నడవాల్సిందే. "బిరీన కానియ్యన్నా" అని తొందరపెట్టి చలపతి వెళ్లిపోయాడు.

కుడి పక్క పని చకచకా అయిపోయింది. కొత్త కడ్డీ తోశాను, టక్కుమంది, లాగి చూశాను, నట్టు బిగించి అంచు వంచాను. నా మీద నాకే ముచ్చటేసింది. ఎడమ పక్కది ఊరికే ఒకసారి చూద్దామని చక్రం విప్పితే అక్కడా బూటు చిరిగి ఉంది. గ్రీజు నల్లటి మట్టిలా అయింది. జాయింటు ఇంకా పూర్తిగా అరగలేదు. శుభ్రంగా కడిగి, కొత్త గ్రీజు పెట్టి, సంచిలో ఉన్న కొత్త బూటు తొడిగితే పంట చేతికొచ్చేదాకా ఢోకా ఉండదు. మంచి ఆలోచనే. ఎడమ కడ్డీ కూడా లాగి, జాయింటు విప్పి, బేసిన్‌లో వేసి, సీసాలో ఉన్న పెట్రోలు పోశాను. ఎండ మండిపోతోంది. నీడ ఎక్కడుందా అని చూస్తే షెడ్డు గోడ పక్కన, కిటికీ కింద ఉంది. అక్కడికి పోయి కూర్చుని కడగడం మొదలుపెట్టాను.

బీడీ గేటు అవతల పెట్టి వచ్చిన మనిషిని. పొగాకు వాసన తగలకూడదంటే ఏ వాసనా తగలకూడదని తెలియనంత మొద్దునా? కాదు. అసలు నాకు అది వాసనగా తోచలేదు. నలభై ఏళ్లు పెట్రోల్లో చేతులు ముంచినవాడికి పెట్రోలు వాసన రాదు. సరస నన్ను పెళ్లయిన నాటి నుంచి పెరటి వైపు నుంచే ఇంట్లోకి రానిచ్చేది. "నీకు తెలియదులే, మాకు తెలుస్తుంది" అనేది. ఆమెది చాదస్తమనుకున్నాను. మన వృత్తి మన ముక్కును మనకు తెలియకుండా తీసేసుకుంటుంది. అద్దాలు చేసేవాడి వేళ్ల మీద గాట్లు కనిపిస్తాయి, మనకు పోయింది కనిపించదు.

కాసేపటికి మునియమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఏందప్పా అది?"

"పెట్రోలమ్మా. జాయింటు కడగతా ఉండాను."

"గాలి యాట్నుంచి వస్తా ఉండాదో చూసినావా?"

అప్పుడు చూశాను. గాలి నా వీపుకు తగిలి నేరుగా కిటికీలోకి పోతోంది. కిటికీకి దోమతెర తప్ప ఏమీ లేదు.

"పురుగు తలెత్తి ఊపతా ఉండాది. ఆకు ముట్టలే," అంది. ఆమె గొంతు పెంచలేదు. "దాన్ని ఎత్తుకోని రోడ్డు అవతలకి పో. బిరీన పో."

బేసిన్ ఎత్తుకుని పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆమె తడి గోనెపట్టాలు ఆ కిటికీకి కట్టేసి, అవతలి పక్క కిటికీలు తెరిచి, ఒక్కతే పురుగుల తట్టలు ఎత్తి లోపలి వైపుకు జరుపుకుంటోంది. వాకిలి దగ్గర నిలబడి, నేనూ ఒక చెయ్యి వేస్తానన్నాను.

"నీ చెయ్యి పడితే మిగిలిందీ పోతాదప్పా."

నిజం. ఆ చేతులతో జీవితమంతా నలుగురికి సాయం చేశాననుకున్నాను. ఆ గుమ్మంలో వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెరట్లో తొట్టి దగ్గరికి పోయి బూడిదతో, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాను. పోయిందో లేదో నాకెలా తెలుస్తుంది?

చలపతి ఆకు మూటలతో వచ్చాడు. వాళ్లమ్మ లోపల చెప్పింది. అతను బయటికి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంగ ఎంత సేపన్నా?" అన్నాడు.

"గంట."

తాజా ఆకు ఎక్కువగా వేస్తే పురుగు మళ్లీ తిండికి వస్తుందేమో అన్నదొక్కటే ఇప్పుడు వాళ్ల ఆశ. ఆ ఆకు రావాలంటే కారు నడవాలి. నేను పాడుచేసినదాన్ని నిలబెట్టడానికి మళ్లీ నేనే దిక్కు. మిగిలిన మురికిని పొడిగుడ్డతో తుడిచి తుడిచి తీశాను. గ్రీజు కూరి, బూటు తొడిగి, క్లిప్పులు బిగించి, కడ్డీ తోశాను. లాగాను. నమ్మకం కుదరక మళ్లీ లాగాను. నట్టు అంచు రెండు చోట్ల వంచాను. ఆయిలు పోసి, కింద తడి ఉందేమో కాగితం పరిచి చూశాను.

అంతా అయ్యాక అలవాటు ప్రకారం తలుపు తీసి డ్రైవరు సీట్లోకి ఎక్కబోయాను. మునియమ్మ గుమ్మంలో నుంచే అంది, "నువ్వు ఎక్కొద్దప్పా. ఆకు పెట్టే బండి."

నేను బిగించిన బండిని నాకంటే ముందు ఇంకొకరు తోలడం నా జీవితంలో అదే మొదటిసారి. చలపతిని ఎక్కమన్నాను. వాకిట్లోనే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా గుండ్రంగా తోలమన్నాను. చక్రం పక్కన నడుము వంచి, చెవి పెట్టి, ఆ బండితోపాటు నేనూ గుండ్రంగా నడిచాను. తర్వాత ఇంకో పక్కకు. టక్కుమన్న చప్పుడు ఒక్కటీ లేదు. "పో," అన్నాను. అతనూ జయమ్మా వెళ్లారు.

నేను రోడ్డు అవతల ఒక బండరాయి మీద కూర్చున్నాను. ఆ గంటసేపు దేవుడికి మొక్కుకోలేదు. నట్టు అంచు సరిగ్గా వంచానా, లాక్ రింగు పట్టిందా, అదే మళ్లీ మళ్లీ మనసులో విప్పి బిగించుకున్నాను. దారిలో బండి ఆగిపోతే ఆ ఇంటికి పురుగుల కథ ముగిసిపోతుంది. ముగించింది నేనవుతాను.

ఎండ చల్లబడే వేళకు కారు వచ్చింది. వెనకంతా కిటికీల దాకా పచ్చటి ఆకు. ముగ్గురూ మోసుకుని లోపలికి పోయారు. చాలాసేపటికి మునియమ్మ బయటికి వచ్చి, నాకు దూరంగా నిలబడి చెప్పింది.

"లోపలుండేటివి తినను పట్టినాయి. కిటికీ కాడి రెండు వరసలు ఇంగా ముట్టలే. నువ్వు ఇంటికి పోప్పా. నువ్వుండి చేసేది ఏం లేదు."

మోపెడ్ ఎక్కాను. ఇంటికి పోయి, ఎవరూ చెప్పకుండానే పెరటి వైపు నుంచి వెళ్లాను.

అప్పటి నుంచి

ఆ మర్నాటి నుంచి పెట్రోలు సీసా నా సంచిలో లేదు. కడగాల్సింది ఏదున్నా గుడ్డలో చుట్టి మా పెరటికి తెచ్చుకుని, కడిగి, మళ్లీ తీసుకెళ్లాను. ఒక పని రెండు రోజులయ్యేది. షెడ్డువాళ్లు నవ్వారు, నవ్వనీ.

ఇంకొకటి. ఏ ఇంటికి పోయినా సంచి విప్పే ముందు ఒక ప్రశ్న అడగడం నేర్చుకున్నాను: "ఇంట్లో ఎవరెవరు ఉండారు? ఏమేమి ఉండాయి?" ఇదేం మెకానిక్కు, మా ఇంటి సంగతులు ఇతనికెందుకు అన్నట్టు చూసేవాళ్లు. ఒక ఇంట్లో ఆ గోడ అవతలే నెల నిండని బిడ్డతో బాలింత ఉందన్నారు, ఇంకో ఇంట్లో పెద్దాయనకు ఉబ్బసం అన్నారు. ఇద్దరి దగ్గరా కారును వీధి చివరికి తోసి పని చేశాను. బండి గురించి మీకు ఎంతైనా తెలిసి ఉండొచ్చు పిల్లలూ, అది ఆగిన ఇల్లు గురించి మీకేమీ తెలియదు. అడగండి. అడిగితే చెబుతారు.

గూళ్లు

రెండు వారాలు దాటాయి. చలపతి నుంచి ఫోను లేదు, చేయడానికి నాకు ధైర్యం లేదు. ఒక ఉదయం అతనే చేశాడు.

"అన్నా, అమ్మ నిన్ను రమ్మంటా ఉండాది."

"పురుగు ఏమైందప్పా?"

"అమ్మే చెప్తాదంట. నన్ను చెప్పొద్దనింది."

రెండుసార్లు స్నానం చేశాను. సరస ఉతికిన చొక్కా ఇచ్చి, నా చేతులు తన ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "పో" అంది. మోపెడ్ మీద పోతే వాసన అంటుతుందని బస్సులో వెళ్లాను.

షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మునియమ్మ, జయమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పురుగులు గూడు అల్లే వెదురు చంద్రికల చుట్టూ కూర్చుని, గూళ్లను ఏరి తీస్తున్నారు. నేను సున్నం గీత దగ్గర ఆగిపోయాను.

"రాప్పా లోపలికి, ఇంగ భయం లేదు," అంది మునియమ్మ.

లోపల నడుమెత్తు పట్టుగూళ్ల కుప్ప. నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒకటి తీసి నా చేతిలో పెట్టి, నొక్కి చూడమంది. సంతలో కొనేవాళ్లు అలాగే బొటనవేలితో నొక్కి చూస్తారట. నొక్కాను. గట్టిగా ఉంది, వేలు దిగలేదు.

ఆ తర్వాత ఆమె పక్కన విడిగా పెట్టిన ఒక చిన్న బుట్ట నా ముందుకు జరిపింది.

"ఇది మాత్రం నీ పంటప్పా. కిటికీ కాడిది. తీసుకో."

ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయాను. బుట్టలోంచి ఒకటి తీసి నొక్కాను. వేలికి మెత్తగా లొంగిపోయింది. ఎత్తి వెలుతురుకు పెడితే లోపలున్నది నీడగా కనిపించింది.

"అమ్మా, తప్పు నాదే," అన్నాను.

"నీదే. నేను కాదన్లేదే," అంది ఆమె, చేతిలో పని ఆపకుండా. "రెండు పూటలు ఆకు ముట్టలే అవి. చస్తాయి అనుకున్నాను. మూడో పూట పట్టినాయి. తిన్నది కొంచెమే, దాంతోనే అల్లినాయి చూడు. ఒగటి కూడా మానలే."

షెడ్డు ఆవులకు ఇచ్చేస్తారా అని చలపతిని అడిగాను. అతను నవ్వి వాళ్లమ్మ వైపు చూపించాడు.

"ఆవులు యాడుండేటివి ఆడే ఉంటాయి," అంది మునియమ్మ. "వచ్చే నెలకు మళ్లా పురుగు కావాలని చెప్పేసినాము. అది వచ్చే ముందరే నువ్వు వచ్చి, ఆ ఎడమ పక్కది కూడా కొత్తది ఏసి పో. చలపతి బంగారుపేట నుంచి ఎవర్నో పిలుస్తానన్నాడు. వద్దు, ఆ మునిరత్నాన్నే పిలువు అని చెప్పినాను. వాళ్లకెవరికీ పురుగు సంగతి తెలీదు."

ఆ మాట విని బుట్ట ఒళ్లో పెట్టుకుని ఆ ఆడవాళ్ల మధ్యే నేల మీద కూర్చుని, అరవై దాటిన మనిషిని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మునియమ్మ నా వైపు చూడలేదు. ఒక చంద్రిక నా ముందుకు తోసి, "ఊరికే కూర్చోకుండా గూళ్లు తియ్యప్పా, చేతులు బాగుండాయి కదా ఇప్పుడు," అంది. తీశాను.